పొద్దుండగానే పెట్టిన కూడు

మా అత్తకి గడియారం చూడడం రాదు. గోడ మీది గడియారం ఆవిడ లెక్కలో ఒక పటం, అంతే. అయినా ఒక్క రెండు మూడు నెలలు తప్పిస్తే, మా ఇంట్లో రాత్రి అన్నం పొద్దు కుంగాక తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కోటబొమ్మాళి స్టేషనుకి సాయంత్రం వచ్చే పాసింజరు కూత మా ఊరి చేల మీదుగా వినిపిస్తుంది. ఆ కూత పడేసరికి మా ఇంట్లో కంచాలు కడిగి బోర్లించి ఉండాలి. ఒకసారి రైలు బాగా ఆలస్యమైంది. మేమందరం తినేసి అరుగు మీద కూర్చున్నాం గాని కూత మాత్రం లేదు. అత్త చెవి ఒగ్గి విని విని, "దానికీ సుగరొచ్చినట్టున్నాది, కాళ్ళు లాగతన్నాయి కావాల" అంది. మేం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు. అన్నాక భయం వేసినట్టుంది, గబగబా రెండు చెంపలూ వేసుకుంది. ఆ జబ్బు పేరు రైలుకి అంటగట్టినా తిరిగి మా ఇంటికే వస్తుందేమోనని ఆవిడ అనుమానం.

ఆవిడ పోయి మూడు నెలలైంది. నిన్న సాయంత్రం ఆ కూత వినిపిస్తే చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అప్పటి నుంచీ ఆవిడే కళ్ళ ముందు తిరుగుతోంది.

ఆవిడ నాకు అత్తే కాదు, సొంత మేనత్త, మా నాన్నకి స్వయానా చెల్లెలు. నన్ను పట్టుబట్టి తన కొడుక్కి చేసుకుంది. మావ ఎప్పుడో పోయాడు, ఆ ఒక్క కొడుకే ఆవిడకి. నేను ఆయన్ని బావా అని పిలుస్తూ పెరిగాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను.

మా నాన్న రాజాంలో రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. పని అయ్యి ఇల్లు చేరేసరికి ఊరంతా పడుకునేది. అప్పుడు కుంచెడు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అదే తడి చేత్తో మంచం ఎక్కేసేవాడు. షుగరొచ్చి ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా తీశారు. నాన్న పోయేసరికి నాకిద్దరు పిల్లలు. అంతకు ముందు మా తాత కూడా కాలు కుళ్ళే పోయాడట. అప్పట్లో దానికి పేరు తెలీదు, గాలి సోకిందన్నారు.

మా అత్త ఈ రెండు కాళ్ళనీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించింది. ఎవరైనా చెప్పారో, తనకే తోచిందో తెలీదు గాని ఒక మాట పట్టుకుంది. "పొద్దు దిగాక తిన్న కూడు కడుపులో కూకోదే. రగతంలోకి దిగి కూకుంతాది." ఆవిడ భయమంతా కొడుకు మీదే. పుట్టింట్లో ఉన్న జబ్బు తన వెనకాలే నడిచి ఈ ఇంటికి వచ్చేసి ఉంటుందని, అదను చూసి కొడుకు మీద పడుతుందని. ఈ మాట అనేటప్పుడు గడప వైపు తిరిగి చూసేది. నిజంగా అక్కడ ఎవరో నిలబడ్డట్టు చూసేది. పెళ్ళైన కొత్తలో నేను కూడా చూసేదాన్ని.

ఊరంతా మమ్మల్ని వెక్కిరించేది. పక్కింటి సూరమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏటప్పా, మీ కోళ్ళూ మీరూ ఒకే బంతిన కూకుంతారా?" అనేది.

"కోడికి సుగరొచ్చిందని ఎప్పుడైనా ఇన్నావా సూరమ్మా?" అనేది మా అత్త చెయ్యి కడుక్కుంటూ.

కోతల రోజుల్లో బావ కళ్ళం వదిలి రాలేడు. అప్పుడు ఆవిడే కేరేజీ పట్టుకుని చేల గట్ల మీద నడిచి వెళ్ళేది. ఆయన చివరి ముద్ద తినే దాకా పక్కన నిలబడి, పడమటి వైపు ఒక కన్ను, కంచం వైపు ఒక కన్ను. కూలీలు ఊరుకునేవాళ్ళా? "ఏటోయ్, మీ యమ్మ నీకింకా పాలు మానిపించనేదేటి?" అని ఒకడు అంటే, బావ సిగ్గుతో ముద్దలు మింగేవాడు. పెళ్ళిళ్ళకి కొడుక్కి ఇంట్లోనే పెట్టి పంపేది. అక్కడ అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటే బావ తాంబూలం నములుతూ పందిట్లో తిరిగేవాడు. పెట్టింది తినలేదని ఒకసారి పెళ్ళివారికి కోపం కూడా వచ్చింది.

ఇంకో అలవాటు ఉండేది, చెప్పడానికి కొంచెం మొహమాటం. పెరట్లో ఎవరు ఎక్కడ ఒంటికి వెళ్ళొచ్చినా, ఆ చోటికి తర్వాత వెళ్ళి వంగి చూసేది. చీమలు పట్టాయా లేదా అని. చీమలు పడితే ఒంట్లో తీపి ఉన్నట్టే. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించినప్పుడు అందరికన్నా బాధపడింది ఆవిడే. "ఇది కట్టీసి నా కళ్ళు కట్టీసినారు" అంది. అయినా ఆవిడ మాత్రం పెరట్లోకే వెళ్ళేది.

ఒకనాడు పొద్దున్నే ఆవిడ పెరట్లో ఒక మూల బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తూ, పొయ్యిలో బూడిద తెచ్చి చల్లుతూ కనిపించింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేను వెళ్ళి చూశాను. బూడిద కింద నుంచి చీమల బారు. ఎవరిదో అడగక్కర్లేకపోయింది.

మా పుట్టింటి ఊరు రాజాంలో డాక్టరు బాబు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రక్తం చూసి ఉందన్నాడు. ఆవిడ ఏడవలేదు. గొడవకి వచ్చినట్టు అడిగింది. "బాబూ, ఇరవయ్యేళ్ళ బట్టీ పొద్దుండగా తింతన్నాను. ఒక్క పూట తప్పనేదు. మరెందుకు వచ్చింది?"

ఆ కుర్ర డాక్టరు మంచివాడు, విసుక్కోలేదు. "అమ్మా, మీరు చేసింది మంచి పనే. వేళకి తినడం, చీకటి పడకుండా తినడం రక్తంలో చక్కెరకి చాలా మేలు. కాని ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి కూడా దిగుతుంది. మీ నాన్నది, మీ వాళ్ళది కొంత మీ ఒంట్లో పుట్టుకతోనే ఉంది. మీరు వేళ తప్పకపోబట్టే ఇన్నాళ్ళు ఆగిందేమో" అన్నాడు. పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు, జాగ్రత్తగా ఉంటే వెనక్కి నెట్టొచ్చు అని కూడా చెప్పాడు.

ఆవిడకి అందులో ఒకటే ముక్క వినిపించింది. తిరుగు బస్సులో నా మణికట్టు పట్టుకుంది, ఊరు వచ్చే దాకా వదల్లేదు. "నా కొడుకు ఒంట్లో సగం నాది. నువ్వేమో మా అన్న కూతురివి. మరి నీ పిల్లలకి రెండేపులా అదేనేటే? ఇంటి పిల్లని ఇంటికి తెచ్చుకున్నానని మురిసిపోనాను. ఏటి సేశానే నాను?" అంది. కండక్టరు తిరిగి చూశాడు. ఆ రోజు నుంచి ఆవిడ భయం నాకూ అంటింది.

మాత్రలు వేసుకుంటూ రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆవిడ ఏడాది పొడుగునా పొద్దుండగా తినేది గాని, కార్తీకంలో సోమవారాలు మాత్రం వేరు. ఆ నాలుగు రోజులూ పగలంతా కటిక ఉపవాసం. ఆకాశంలో చుక్క చూశాకే ఎంగిలి పడాలి. "శివుడి దినం లెక్కలోకి రాదు" అనేది. ఎవరి కోసం ఉపవాసమో అడగాలా? కొడుకు కోసమే.

ఆ యేడు మూడో సోమవారం వాయుగుండం పట్టింది. తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకుని, దీపం పెట్టి, చెయ్యి చాపింది. మాత్ర, చెంబుతో నీళ్ళు నేనే ఇచ్చాను. "మాత్ర కూడు కాదు కదా, శివుడు తప్పు పట్టడు" అంది. అవును కదా అనుకున్నాను. అంతకు ముందు సోమవారాల్లో మాత్ర కూడా మానేసేది, మందు మానకూడదని డాక్టరు కోప్పడ్డాడు గాని, తిండి లేకుండా వేసుకోకూడదని మా ఇద్దరికీ తోచలేదు.

మధ్యాహ్నం దాటింది. సముద్రం వైపు నుంచి చలిగాలి కొడుతోంది, ఆవిడ మెడ వెంట మాత్రం చెమట కారుతోంది. చేతులు వణుకుతున్నాయి. ఆకాశం కేసి చూసి, "సుక్క పొడిసిందా?" అంది. పట్టపగలు. నేను నవ్వాను కూడా. కాసేపటికి, "ఒసే, అన్నకి కూడెట్టీసినావా? మిల్లు నించి వచ్చీసినాడు" అంది. మా నాన్న పోయి అప్పటికి పదేళ్ళు.

మా ఇంట్లో షుగరంటే ఎక్కడమే. నాన్నకి ఎక్కింది, తాతకి ఎక్కింది. పడిపోతుందని మాకెవరికీ తెలీదు. ఎక్కేసిందే అనుకున్నాను. ఆవిడ దేవుడి మూల నైవేద్యానికి పెట్టిన బెల్లం వైపు పాక్కుంటూ వెళ్ళి చెయ్యి చాచింది. ఆ చేతికి అందకుండా లాక్కుని అటక మీద పెట్టేశాను. చంటిపిల్లలా ఏడ్చింది. "ఒక్క ముక్క ఎట్టవే. ఒక్క ముక్క." నేను పెట్టలేదు. ఉపవాసం చెడిపోతుందనీ, ప్రాణం పోతుందనీ, రెండూ చెప్పి మరీ పెట్టలేదు. ఆవిడ స్తంభానికి ఆనుకుని, మెల్లగా పక్కకి ఒరిగిపోయింది. దవడ బిగిసిపోయింది.

బావ చేలోంచి అప్పుడే వచ్చాడు. చూసి, వీధి చివర ఉండే ఆశా కార్యకర్తని పరుగున తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే అడిగింది. "మాత్ర ఏసుకుందా? కూడు తిన్నాదా?"

వేసుకుంది, తినలేదు అన్నాను.

"ఓలమ్మో! సుగరు ఎక్కనేదే తల్లీ, పడిపోనాది. పంచదార తే బేగి. నీల్లు పొయ్యకండి, గొంతులో పొరపోతాది."

అత్తని పక్కకి తిప్పి పడుకోబెట్టి, పంచదారని చుక్క నీటితో తడిపి, చెంప లోపల వేలితో రాస్తూ కూర్చుంది. బావ అవతల పెద్దాసుపత్రికి ఆటో కోసం ఫోన్లు చేస్తున్నాడు. నేను అటక కేసి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. అత్త గొంతు కదిలింది. కళ్ళు తెరిచింది. నోట్లో తీపి తెలిసినట్టుంది, ముఖం భయంతో ముడుచుకుపోయింది.

"సుక్క పొడిసిందేటి?"

"పొడిసిందమ్మా" అన్నాడు బావ.

ఆవిడ బయటికి చూసింది. నల్లటి ముసురు. "ఈ ముసుర్లోనా?"

"నాకు కనిపించిందమ్మా. నిజం. మింగు."

కొడుకు మాట మీద మింగింది.

నెమ్మదించాక వారం రోజుల తర్వాత నా పక్కన కూర్చుని అంది. "నాను సచ్చిపోయుంటే నువ్వు బతికున్నన్నాళ్ళూ ఆ అటక కేసి సూస్తూ ఉండేదానివి కదే. అది తలుసుకుంటే బయమేసీసింది." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ గొడవలోనే ఆశా కార్యకర్త బావని కూడా రక్తం చూపించుకోమంది. ఆయన రాజాం వెళ్ళొచ్చాడు. పశువుల సాలలో గడ్డి వేస్తూ, నా వైపు చూడకుండానే, "నాకూ ఉన్నాది. అమ్మకి సెప్పకు" అన్నాడు. ఇంట్లోకి వెళ్ళి గట్టిగా, "ఏటీ నేదమ్మా! నీ కూడే కాపాడినాది" అన్నాడు.

మా అత్త అక్కడికక్కడ చతికిలబడింది. తర్వాత లేచి వీధిలోకి వెళ్ళి సూరమ్మతో చెప్పింది, చాకలమ్మతో చెప్పింది, దారిన పోయే గొర్రెల కాపరితో కూడా చెప్పింది. "నా కొడుకుని దాటి ఎల్లిపోనాది." ఆ రోజు నుంచి ఆవిడ వేరే మనిషి. మధ్యాహ్నాలు హాయిగా కునుకు తీసేది. గడప వైపు తిరిగి చూడడం మానేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, పొద్దు సంగతి పట్టించుకోవడం మానేసింది. దీపాలు పెట్టాక తీరిగ్గా పొయ్యి రాజేసేది. ఇరవయ్యేళ్ళు కొడుక్కి పెట్టలేకపోయినవన్నీ పెట్టాలని తాపత్రయం. పాయసం, అరిసెలు, నేతి గారెలు. బావ తినేవాడు. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా. మాత్రలు బండి డిక్కీలో దాచుకుని, అమ్మ వడ్డించింది తినేవాడు. "రెండు మెతుకులే కదా" అనేవాడు నాతో. ఆశా కార్యకర్త నెల నెలా సూది గుచ్చి చూసి పెదవి విరిచేది.

నేను రెండు నెలలు ఊరుకున్నాను. మూడో నెలలో గట్టు మీద ముల్లు గుచ్చుకుని ఆయన కాలి వేలికి పుండు పడింది. పది రోజులైనా మానలేదు. అదే వేలు. మా నాన్నకి ముందు తీసిన వేలు.

అత్త అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. చేట ఆగిపోయింది. ఆవిడ తలెత్తలేదు. నూకలు ఏరుతున్నట్టు వేళ్ళు బియ్యంలో కదులుతున్నాయి గాని ఏమీ ఏరడం లేదు.

"ఎన్నాళ్ళయ్యింది?"

"ఆ ముసురు తర్వాత వారానికే అత్తా."

"అయితే నాను పడుకున్న పడకంతా అబద్ధమే."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. తప్పయిపోయిందన్నాను. ముసలి ప్రాణానికి నిద్ర దొరికితే దాన్నీ లాగేసుకున్నానన్నాను.

"ఊరుకో. నిద్దర నాకెందుకే, ముసిలిదాన్ని" అంది. చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. "పొద్దెంత ఉన్నాది సూడు. బియ్యం కడిగీ."

ఆ సాయంత్రం బావ వచ్చేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది, కంచం పెట్టి ఉంది. కొంచెం అన్నం, ఆనపకాయ కూర, మజ్జిగ. ఆయన నా వైపు చూశాడు. తెలిసిపోయిందని తెలిసింది. తల్లీ కొడుకులు దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆయన తింటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని, "కాలు ఇలాగెట్టు" అంది. పుండుని చూసిన ఆ చూపు నేను మరిచిపోలేను. ఆ వేలు మానడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆవిడే రోజూ గోరువెచ్చని నీళ్ళతో కడిగి, డాక్టరిచ్చిన మందు రాసేది. మళ్ళీ గడప వైపు తిరిగి చూడడం మొదలుపెట్టింది. ఆ చూపు నేనే తిరిగి తెచ్చి పెట్టాను ఆవిడకి.

మొన్న వేసవిలో ఒక పొద్దున్న పెరట్లో పడిపోయింది. షుగరు కాదు, గుండె అన్నారు. ఆటో వచ్చేలోగానే అయిపోయింది. బావ అప్పుడే మాత్ర వేసుకుని, చద్దన్నానికి కూర్చోబోతూ కేక విని పరిగెత్తాడు. కంచంలో అన్నం కలపకుండానే ఉండిపోయింది.

తర్వాత అంతా తెలిసిందే. పొయ్యి వెలిగించకూడదు. ఎవరూ మెతుకు ముట్టకూడదు. కొడుకు తలస్నానం చేసి, తడి పంచెతో, ఖాళీ కడుపుతో శవం పక్కన కూర్చోవాలి. మా తమ్ముడు విశాఖపట్నం నుంచి వచ్చే దాకా ఆగాలన్నారు. మధ్యాహ్నం రెండయ్యింది. ఆడవాళ్ళ మధ్య ఏడుస్తూ కూర్చున్న నేను ఒకసారి తలెత్తి చూస్తే, బావ వేళ్ళు వణుకుతున్నాయి. పై పెదవి మీద చెమట. ఎండకి అందరికీ చెమటే. కాని ఆ చెమట నాకు తెలుసు.

దగ్గరికి వెళ్ళి చెవిలో అడిగాను. "బావా, మాత్ర ఏసుకున్నాక ఏటైనా తిన్నావా?"

లేదన్నట్టు తల ఊపాడు. "ఒగ్గీ, ఇప్పుడొద్దు. ఊరంతా సూస్తంది" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

సూరమ్మ ఇంటికి పరిగెత్తాను. ముందు ఇంత పంచదార నీళ్ళు, తర్వాత గిన్నెలో అన్నం, పప్పు. నేను గిన్నెతో వాకిట్లోకి రాగానే గోల లేచింది. బావకి పెదనాన్న, ఇంటికి పెద్ద, కర్ర నేలకి కొట్టి లేచాడు. "ఏటే అది? శవం లెగకముందు కొడుకు మెతుకు ముట్టుకుంతే ఆ ముసిల్దానికి నీల్లు అందుతాయా? బుద్ధుందా నీకు?"

ఆయన అన్నది నేనూ నమ్మేదే. ఆవిడ గొంతెండిపోయి తిరుగుతూ ఉంటే ఆ పాపం నాదే.

"పెదమావా, మాత్ర ఏసుకున్నాడు, కూడు లేదు. కొరివి పట్టుకుని దారిలో పడిపోతాడు. అప్పుడు నీల్లెవులిస్తారు?" అన్నాను.

ఎవరూ ఒప్పుకోలేదు. సూరమ్మ ఒక్కతే వచ్చి, చీర కొంగు రెండు చేతులా పరిచి మాకు అడ్డంగా నిలబడింది. ఆ కొంగు వెనక, తల్లి తల దగ్గరే, బావకి ముందు పంచదార నీళ్ళు తాగించి, ముద్దలు కలిపి పెట్టాను. ఆయన ఏడుస్తూ నమిలాడు. ఒక్కో ముద్దకీ గొంతు కదిలిందా లేదా అని చూశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

పెదమావ నాతో ఇవాళ్టికీ మాట్లాడడు. ఆవిడకి నీళ్ళు అందాయో లేదో చెప్పేవాళ్ళు లేరు, ఆ భయం నన్ను విడిచిపెట్టదు.

పాడె లేచేటప్పుడు ఆడవాళ్ళందరూ కడసారి చూపుకి ముందుకి తోసుకున్నారు. నన్నూ తోశారు. నిప్పుకుండ పట్టుకుని బావ నడక మొదలుపెట్టాడు, ఒక అడుగు, రెండో అడుగు. నేను ఆ కాళ్ళనే చూస్తున్నాను, ఎక్కడ తడబడతాయోనని. వీధి మలుపు తిరిగేదాకా తిన్నగానే నడిచాడు. అప్పుడు తెలిసింది, మా అత్త ముఖం నేను చూడలేదని.